హాల్లో వెలిగిపోతున్న టైల్ గారికి

మహారాజశ్రీ రెండు బై నాలుగు గ్లాసీ విట్రిఫైడ్ టైల్ గారి సముఖమునకు, తమరి మీద జారకుండా నడవడం ఇంకా నేర్చుకుంటున్న ఇంటి యజమాని రాసుకున్నది. ఉభయకుశలోపరి. అంటే, మీరు కుశలమే. మా సంగతి రాస్తున్నాను.

ముందు మీ పేరు గురించి ఒక సందేహం. షాపులో రెండడుగులు బై నాలుగడుగులు అన్నారు. ఇంటికొచ్చాక టేపు పెడితే 600 బై 1200 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 609 పైచిలుకు, నాలుగడుగులంటే 1219 కదా, ఈ కోత ఏమిటని మేస్త్రీని అడిగాను. "అందరూ అట్లే అంటారు సార్" అన్నాడు. ఇల్లు కట్టిన ఏడాదిన్నరలో నాకు దొరికిన జవాబులన్నీ ఇలాంటివే.

మిమ్మల్ని మేం ఏరికోరి తెచ్చుకున్నామని అనుకుంటున్నారేమో. హైదరాబాదులో మా బావమరిది గృహప్రవేశానికి వెళ్లి, తెల్లటి నేల మీద బూడిదరంగు గీతలు చూసొచ్చిన రోజు నుంచి మా ఆవిడకు నిద్ర లేదు. తర్వాత నాకూ లేదు. కర్నూలులో ఇల్లు కట్టుకునేవాడికి బేతంచెర్ల నాపరాయి పెరటి చెట్టు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గనక, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో తమరు విచ్చేశారు, ఒంటి మీద ఇటలీ పాలరాతి గీతలు అచ్చు వేయించుకుని.

నాపరాయిలో లోపాలు లేవనను. సున్నపురాయి జాతి. నిమ్మరసం పడితే ఆ చోట మెరుగు పోయి మచ్చ తేలుతుంది. పరిచాక మిషన్ పెట్టి పాలిష్ పట్టించాలి, ఆ రొద, ఆ బురద. మా ఆవిడ ఈ పాయింట్లు తీసినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలం మీరూ చల్లగానే ఉంటారు, ఆ నేరం మీ మీద మోపను.

నా ఫిర్యాదు అమ్మ గురించి. పాత ఇంటి నాపరాళ్ల మీద కరెంటు పోయినా చీకట్లో వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకునే మనిషి, మీరొచ్చాక పట్టపగలు గోడ పట్టుకుని నడుస్తోంది. "ఏందిరా ఇది, నీళ్లు పడినాయో లేదో కూడా కనపడదు" అంటుంది. మీరు 0.5 శాతం నీళ్లు కూడా పీల్చరని షోరూము కుర్రాడు గొప్పగా చెప్పాడు. మరి పీల్చని నీళ్లు ఎక్కడుంటాయని మేమెవరం అడగలేదు. గరుకుగా ఉండే మ్యాట్ రకం ఆ షాపులోనే ఓ మూలన ఉంది. ధర కూడా దాదాపు ఇంతే. "అది బాత్రూములకు సార్" అన్నాడు. మేమూ తలూపాం.

ఇప్పుడు హాలు నిండా డోర్‌మ్యాట్లు. లెక్కపెట్టాను, తొమ్మిది. చదరపు అడుగుల లెక్కన డబ్బు పోసి కొన్న మెరుపును గుడ్డపట్టాల కింద దాచుకున్నాం. చుట్టాలొస్తున్నారని ఫోన్ వస్తే చాలు, అవన్నీ తీసి మంచం కిందకు తోసేస్తాం. వాళ్లు ఉన్నంతసేపూ అమ్మ కుర్చీలోంచి లేవకూడదని రూలు. "అమ్మ బాగా తగ్గిపోయింది, లేవలేకపోతోందా?" అని ఓ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది కూడా. ఏం చెప్పను? "లేదు పెద్దమ్మా, టైల్స్ బాగా కనపడాలని" అంటానా?

ఇంకో సంగతి. నీళ్లు పీల్చని ఒంటికి మామూలు సిమెంటు సరిగా పట్టదట. దానికి వేరే గమ్ము బస్తాలొస్తాయి. ఇది నాకు తర్వాత తెలిసిందని రాద్దామనుకున్నాను, కానీ ముందే తెలుసు. బస్తా రేటు విని నోరు మూసుకున్నాను. మేస్త్రీ సిమెంటు పాలు పోసి అతికించేశాడు. అందుకే వేలితో కొడితే టీవీ దగ్గర ఒక మోత, వంటింటి గుమ్మం దగ్గర ఖాళీ డబ్బా మోత. ఈ ఒక్కటి మీ తప్పు కాదు.

మీ పాలరాతి వేషం మాత్రం మా పాప దగ్గర సాగలేదు. వారం తిరక్కుండానే నేల మీద పాకుతూ కనిపెట్టింది. "నాన్నా, సోఫా కింద ఉన్న గీతే టీవీ కింద కూడా ఉంది. దేవుడి గది దగ్గర కూడా అదే." ఆ రోజు నుంచి నేను ఎటు చూసినా ఆ ఒక్క గీతే.

ఇట్లు,
తమరి ఈఎంఐ కడుతున్నవాడు

తా.క.: నిన్న పచ్చడిబండ చేయి జారి, వంటింటి గుమ్మం దగ్గర డబ్బా మోత మోగే చోటే పడింది. మీలో ఒకరు ఈ మూల నుంచి ఆ మూలకు పగిలారు. షాపుకు ఫోన్ చేస్తే ఆ డిజైన్ ఆగిపోయిందన్నారు. పాప మాత్రం వంగి చాలాసేపు చూసి, "నాన్నా, ఈ గీత ఇంకెక్కడా లేదు" అంది.