గెడ్డ గట్టును గీకేయకండి

వలిసె పూలు విచ్చుకున్నాయని తెలియగానే పిల్లాపాపలతో అరకు దారి పట్టే విశాఖవాసుల్లో చాలామంది, తమ ఇంటి వెనుక పారే గెడ్డ (వాగు) గట్టున ఏం పూసిందో ఒక్కసారైనా వంగి చూడరు. అందుకు నాకు బాధేమీ లేదు. ఎవరి సరదా వారిది. నా అభ్యంతరమంతా, ఎవరూ చూడని ఆ గట్టును సుందరీకరణ పేరుతో వానలకు ముందు పొక్లెయిన్‌తో నున్నగా గీకివేయడం మీదనే.

మాధవధార నుంచి సింహాచలం కొండ ఎక్కే వైపు, తొలకరి తర్వాత ఉదయం పూట నీటి వెంట నడిచి చూడండి. రాళ్ల సందుల్లో విష్ణుక్రాంత నేలబారున పరచుకుని ఉంటుంది. చిటికెన వేలి గోరంత నీలిపూలు ఎండ ముదిరితే ముడుచుకుపోతాయి కనుక, మధ్యాహ్నం వెళ్లినవారికి ఉత్త ఆకులే కనిపిస్తాయి. అగ్నిశిఖ తన ఆకు కొసనే నులితీగగా చేసుకుని పక్క పొదను పట్టుకుని పైకెక్కుతుంది. ఆకుపచ్చ కలిసిన పసుపుతో విచ్చుకున్న దాని రేకులు, అంచులు వంకీలు తిరిగి, రోజులు గడిచేకొద్దీ నిప్పులా ఎర్రబడతాయి. (పిల్లల చేత మాత్రం తెంపించకండి, మొక్కంతా విషమే, దుంప మరీనూ.) తుమ్మి, వావిలి సంగతి చెప్పనక్కరలేదు.

గీకిన నేలలో మళ్లీ ఇవే మొలుస్తాయనుకుంటే పొరపాటు. ఖాళీ మట్టి కనబడితే ముందుగా దిగేది వయ్యారిభామ. 1950లలో పుణెలో కనిపించిన ఈ అమెరికా ఖండపు మొక్క దేశమంతా పాకిందంటే, ఒక్కొక్కటి వేలకొద్దీ గింజలు రాల్చడమే కారణం. తాకితే దురద, దాని పుప్పొడితో ఆయాసం. దాని వెనుకే లాంటానా, తడి ఉన్నచోట తూటికాడ. ఎంత పచ్చదనమో అని మనం దూరం నుంచి మురిసిపోయేది చాలావరకు ఈ పరాయి మొక్కలను చూసే.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, వినాయక చవితికి 21 పత్రాల కోసం రైతుబజారులో బేరమాడి కొనే పత్రిలో విష్ణుక్రాంత, ఉత్తరేణి, వావిలి ఉంటాయి, గరిక సరేసరి. జ్యేష్ఠంలో గట్టు మీద పెరికించి పారేసినవాటినే భాద్రపదంలో కట్టకింతని డబ్బు పోసి తెచ్చుకుంటున్నాం.

పూడిక తీయకపోతే వీధులు మునగవా అని అడుగుతారు. తీయవలసిందే. అయితే గెడ్డ అడుగున పేరుకున్న పూడిక వేరు, గట్టున వేళ్లూనుకున్న మొక్క వేరు. ఆ వేళ్లు పట్టి ఉంచకపోతే గట్టు మట్టి మొదటి పెద్దవానకే జారి, తీసిన పూడిక తీసినచోటికే వచ్చి చేరుతుంది. వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే, నేల తడిగా ఉండగా, చేతులకు తొడుగులిచ్చి వేళ్లతో సహా పీకించి, తక్కినవాటి జోలికి పోకుండా ఉంటే చాలు. కూలి కాస్త ఎక్కువే కావచ్చు గానీ, బోడి గట్టు మీద వరుసగా పేర్చడానికి కాగితం పూల కుండీలు కొనే ఖర్చు తప్పుతుంది.