కుయ్‌మనే పెట్టె, చేపల చట్టి

కనుమ వెళ్లిన మూడో రోజు పొద్దున మా ఇంట్లో ఏదో కుయ్‌మనడం మొదలైంది. కుయ్... కుయ్... కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ కుయ్. ఫ్రిజ్ తలుపు సరిగా పడలేదేమోనని నాలుగుసార్లు తీసి వేశాను. మా ఆవిడ వాషింగ్ మిషన్ ప్లగ్గు పీకింది. ఇన్వర్టర్ మీద అనుమానపడి దాన్నీ ఆపాం. మా అబ్బాయి తన రిమోట్ కారు తెచ్చి, కూసేది ఇది కాదని తేల్చడానికి అందులోని బ్యాటరీలు తీసి నా చేతిలో పెట్టాడు. అమ్మ మాత్రం "అది మిషను కూత కాదురా, తీతువు పిట్ట. యాడో దూరుండాది" అని చీపురు పట్టుకుని దూలాల కోసం చూస్తూ తిరిగింది. మాది డాబా ఇల్లు, దూలాలు లేవు. అయినా చూసింది.

మూడో రాత్రి స్టూలెక్కి చెవి అటకకు ఆనిస్తే దొరికింది. ఇత్తడి గంగాళానికీ రజాయిల మూటకీ మధ్య ఇరుక్కుని కూస్తున్నది మా నిఘా కెమెరాల డీవీఆర్, అంటే అవి చూసేదంతా రికార్డు చేసే పెట్టె.

దాన్ని అక్కడ పెట్టించింది నేనే. రెండేళ్ల కిందట నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకెళ్లి కెమెరాలు బేరమాడాను. వేదాయపాళెంలో మా వీధికి మాదే చివరి ఇల్లు, వెనక ఖాళీ స్థలం, పగలంతా అమ్మ ఒక్కతే ఉంటుంది. షాపులో కుర్రాడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ కెమెరాలైతే నెట్‌వర్క్ కేబుల్, ఎన్‌వీఆర్ అనే వేరే రికార్డరు కావాలి, మీ ఇంటికి అంత అక్కర్లేదు, కేబుల్ టీవీ వైరులాంటి కోయాక్సియల్ వైరు లాగి డీవీఆర్ పెట్టుకుంటే చాలన్నాడు. ఖర్చు తగ్గేమాట గనక వెంటనే ఒప్పుకున్నాను. నాలుగు చానెళ్లది కొంటే రేపు ఐదో కెమెరాకి చోటుండదు, ఎనిమిది తీసుకోండి అన్నాడు. ఖర్చు పెరిగేమాట గనక వినిపించుకోలేదు. (పెట్టిన వారానికే అమ్మ మునగచెట్టుకి ఒక కెమెరా కావాలంది. అది వేరే కథ.)

అసలు పేచీ హార్డ్ డిస్క్ దగ్గర వచ్చింది. పాత కంప్యూటర్‌లో 500 జీబీ డిస్క్ ఉంది, అదే వేసెయ్యమన్నాను.

"అది రోజుకి కొన్ని గంటలు నడిచేదానికి చేసింది సార్. డీవీఆర్‌లో అయితే రాత్రీ పగలూ రాస్తానే ఉంటాది. నిఘా కెమెరాలకని వేరే డిస్కులుంటాయి, అవి వేసుకోవాల."

"కంచం స్టీలుదైనా వెండిదైనా తినేది అన్నమే కదా నాయనా" అన్నాను. పోలిక బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. కుర్రాడు వాదించలేదు. పాత డిస్కే బిగించాడు.

డీవీఆర్‌కి గాలి ఆడాలి, టీవీ పక్కన పెడదామన్నాడు. అక్కడైతే దొంగ టీవీతోపాటు దాన్నీ ఎత్తుకుపోతాడు, సాక్ష్యమే లేకుండా పోతుంది కదా అని నా లాజిక్. అందుకే అటకెక్కించాను. ఆ లాజిక్‌లో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. రజాయిలు కప్పడమే కాస్త ఎక్కువైంది.

సరే, కూత సంగతికొద్దాం. టీవీలో డీవీఆర్ తెర తెరిచి చూస్తే ఏదో ఇంగ్లిషు పెట్టె వచ్చింది, హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) ఎర్రర్ అని. ఓకే నొక్కాను, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాను. మెనూలో వెతగ్గా ఒక పేజీలో హెచ్‌డీడీ ఫుల్, హెచ్‌డీడీ ఎర్రర్, వీడియో లాస్ అని వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఆడిబుల్ వార్నింగ్ అని టిక్కు. అన్ని టిక్కులూ తీసేశాను. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. "మెకానిక్ వస్తే రాను పోను మూడొందలు లాగేవాడు" అని మా ఆవిడతో అన్నాను. అమ్మ చీపురు మూల పెట్టేసింది.

అప్పటినుంచి నాలుగు నెలలు కెమెరాలు బ్రహ్మాండంగా పనిచేశాయి. అంటే టీవీలో నాలుగు గళ్లూ కనిపించేవి. అమ్మకైతే సీరియళ్ల మీద మోజు తగ్గింది. ఒకటో గడిలో పాలబ్బాయి, రెండో గడిలో ఎదురింటావిడ ముగ్గు, మూడో గడిలో మా పెరడు, నాలుగో గడిలో ఎప్పుడూ ఏమీ జరగని సందు. ఆ సందునే ఎక్కువసేపు చూసేది, ఏదైనా జరిగితే తప్పిపోతుందని. ఫోన్‌లో యాప్ ఉందిగా, మా బావమరిది కావలిలో కూర్చుని ఊరి పేరు సార్థకం చేసేవాడు. "అక్కా, పెరట్లో కొళాయి కట్టలేదు" అని అక్కణ్నుంచే ఫోన్ చేసేవాడు. రికార్డింగ్ తీసి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. కళ్ల ముందు బొమ్మ ఆడుతుంటే ఎందుకు తోస్తుంది?

ఇక చేపల పులుసు. నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. చేపల పులుసు వండిన పూట తినేది కాదు. రాత్రంతా మట్టి చట్టిలో ఊరి, ముక్కకి పులుపూ కారం పట్టాక మర్నాడు తినాలి. ఫ్రిజ్‌లో పెడితే పులుసు చచ్చిపోతుందని అమ్మ సిద్ధాంతం. అందుకని చట్టి మీద పళ్లెం, పళ్లెం మీద సన్నికల్లు పొత్రం పెట్టి పెరట్లో గట్టు మీద ఉంచుతుంది. అది మూడో కెమెరా ఎదురుగ్గానే ఉంటుంది.

కనుమ నాడు అలాగే పెట్టింది. తెల్లారి చూస్తే నాలుగు ముక్కలు తక్కువ. లెక్క అమ్మ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పిల్లి పని అని నేనే తీర్పు చెప్పాను. "పిల్లి పొత్రం దించి, ముక్కలు తిని, మళ్లీ పైన పెట్టిందా?" అంది అమ్మ. "మన పెన్నా నీళ్లు తాగిన పిల్లులు మామూలువి కావు" అన్నాను. ఆ సాయంత్రమే ప్రహరీ సందుకి ఇనుప జాలీ కొట్టి, అమ్మ ఏళ్లుగా సాకుతున్న పిల్లిని ఇంటికి రాకుండా చేశాను.

మొన్న మే నెలలో బావమరిది వచ్చాడు. అమ్మ మామిడికాయ వేసి వంజరం పులుసు పెట్టింది. తెల్లవారుజామున ఆయన మొదటి బస్సుకి వెళ్లిపోయాడు. చూస్తే మూడు ముక్కలు లేవు. ఈసారి జాలీ ఉంది, పిల్లి లేదు. నేను నవ్వుతూనే ఆయనకి ఫోన్ చేసి అడిగాను. నవ్వుతూ అడిగినా అడిగింది దొంగతనం గురించే కదా, ఆయనకి రోషం వచ్చింది.

"మూడో కెమెరా ఉండాది గదా బావా, తీసి చూడండి. అందరి ముందరా చూడండి!"

"చూస్తాం, చూడకేం" అన్నాను.

రిమోట్‌తో నా వల్ల కాక, అదే షాపు కుర్రాణ్ణి పిలిపించాను. వచ్చాడు. పాస్‌వర్డ్ అడిగితే ఇంట్లో అందరం ఒక్కసారే చెప్పాం, గేటు దగ్గరున్న పాలబ్బాయితో సహా. మా ఆవిడ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి తమ్ముడికి టీవీ కనిపించేలా పట్టుకుంది. విచారణ న్యాయంగా జరగాలట.

కుర్రాడు నిన్నటి తేదీ నొక్కాడు. ఏమీ లేదు. ఈ నెల, పోయిన నెల, మార్చి... క్యాలెండర్ బోడిగా ఉంది.

"సార్, రికార్డింగే లేదు."

"అదేంది, టీవీలో నిక్షేపంగా వస్తుంటే?"

"లైవ్ వేరు, రికార్డింగ్ వేరు సార్. కెమెరాలో బొమ్మ తిన్నగా టీవీకి వచ్చేస్తాది, డిస్కుతో దానికి పనిలేదు. మీ డిస్కు పాడైపోయుండాది. పాడైనప్పుడు ఇది కుయ్ కుయ్‌మని అరవాలే, అరవలేదా?"

ఇల్లంతా నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

కుర్రాడు అటకెక్కి డీవీఆర్ దించి మూత తీశాడు. లోపల రెండు బల్లి గుడ్లు, చీమల బారు, అర అంగుళం దుమ్ము. డిస్కు ముట్టుకుంటే వేడివేడి ఇడ్లీలా ఉంది. బోర్డు మీదున్న నాణెంలాంటి బ్యాటరీ కూడా చచ్చిపోయిందట. "ఈ బ్యాటరీ ఉంటేనే కరెంటు పోయినా టైం గుర్తుంటాది. లేకపోతే పోయొచ్చినప్పుడల్లా పాత డేటుకి పోయి కూర్చుంటాది" అంటూ బ్రష్షుతో శుభ్రం చేసి మళ్లీ బిగించి క్యాలెండర్ వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. ఏళ్లకేళ్లు వెనక్కి పోయాడు. 2000 జనవరి దగ్గర ఆగాడు. మొదటి మూడు తేదీల కింద గుర్తులున్నాయి.

"అదృష్టం సార్! కొత్తగా రాయలేకపోతోంది గానీ, పాతది చదువుతోంది. మీకు చివర్న పెద్ద కరెంటు కోత ఎప్పుడొచ్చింది?"

"కనుమ నాడు" అంది మా ఆవిడ. "ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. రాత్రి తొమ్మిదికి వచ్చింది."

"అయితే ఆ తొమ్మిదే దీనికి జనవరి 1 అర్ధరాత్రి. అప్పట్నుంచి డిస్కు పోయేదాకా మూడు రోజులు ఉండాది."

నాకు నోరు ఎండిపోయింది. "పాతవెందుకులే బాబు, కొత్త డిస్కు వేసెయ్, నువ్వు చెప్పిందే వేద్దాం" అన్నాను. అంత తొందరగా నేను ఖర్చుకి ఒప్పుకోవడం ఎప్పుడూ చూడని మా ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చినట్టుంది.

"మూడో కెమెరా పెట్టు బాబు" అంది.

పదహారు రెట్ల వేగంతో పరిగెత్తించాడు. లెన్సు మీద గూడు కట్టుకుంటున్న సాలీడు. చట్టి. పిల్లి వచ్చింది, కళ్లు రెండు బల్బుల్లా వెలిగాయి, చట్టి చుట్టూ ఒకసారి తిరిగి, పొత్రం చూసి, నిట్టూర్చినట్టుగా వెళ్లి గోడ మీద కూర్చుంది. తెర మీద టైం 2:40. అంటే అసలు టైం రాత్రి 11:40. ఆ లెక్క కుర్రాడే పైకి చెప్పాడు.

గళ్ల లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు తెర మీదికొచ్చాడు. పొత్రం రెండు చేతులతో పసిబిడ్డని దించినట్టు దించాడు. నిలబడే తిన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముల్లు పిల్లికి విసిరాడు. పళ్లెం సర్ది, పొత్రం అదే కోణంలో పెట్టి, రెండడుగులు వెనక్కేసి సరిగా ఉందో లేదో చూసుకున్నాడు.

"తేదీ చూడండి, 2000 సంవత్సరం" అన్నాను. "నాకప్పటికి పెళ్లే కాలేదు!"

"ఈ ఇల్లు కట్టింది 2015లో గదండీ" అంది మా ఆవిడ.

ఫోన్‌లోంచి కావలి మాట్లాడింది. "అక్కా, ఫోను కొంచెం దగ్గరగా పట్టు. బావా, ఆ లుంగీ మొన్న సంక్రాంతికి నేను పెట్టిందే గదా?"

కుర్రాడు మాత్రం పనిలోనే ఉన్నాడు. నాలుగు కెమెరాలు, కెమెరాకి సెకనుకి 2 మెగాబిట్లు, రోజుకి 86 జీబీ పైనే; 500 జీబీ ఆరు రోజుల్లోపే నిండుతుంది. నిండితే అన్నిటికన్నా పాతది చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటుందని వివరించాడు. అంటే నేను అతను చెప్పిన మంచి డిస్కు కొని ఉంటే, దీనికి నాలుగింతలు పెద్దదైనా ఈ నాలుగు నెలల్లో కనుమ రాత్రి దానంతటదే చెరిగిపోయేది. డబ్బు మిగుల్చుకున్నందుకు అది భద్రంగా మిగిలింది.

అమ్మ ఒక్క మాటా అనలేదు. లేచి, కటింగ్ ప్లయర్ యాడుండాదని అడిగి తీసుకుని పెరట్లో జాలీ వైపు వెళ్లింది.

కుర్రాడు సంచీలోంచి ఏదో తీసి నన్నే అడిగాడు, చాలా మర్యాదగా. "పాత డిస్కు తీసేస్తున్నా సార్. అందులో ఉండేది పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇవ్వమంటారా?"

"వద్దు" అన్నాను.

"రెండు చెయ్యి బాబు" అంది మా ఆవిడ. "ఒకటి కావలికి పంపాల."