అసమ్మతి పత్రం ఓడిపోయాక ఏం చేస్తుంది?

విద్యార్థులు ఎలాంటి తెలుగులో వ్యాసం రాయాలి? మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కమిటీ ముందున్న ప్రశ్న ఇది. ఎక్కువమంది సభ్యులు గ్రాంథికానికే, అంటే పాత కావ్యాల, వ్యాకరణాల భాషకే ఓటేశారు. గురజాడ అప్పారావు ఒప్పుకోలేదు. ఒప్పుకోనని నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. నిర్ణయం మారలేదు. మరుసటి ఏడాది నవంబరు 30న ఆయన కన్నుమూశారు. అయితే మీరు ఇప్పుడు చదువుతున్నది ఆ కమిటీ కోరిన తెలుగు కాదు, గురజాడ కోరిన వాడుక తెలుగు.

తక్కువమంది మాట అంటే ఇక్కడ మతం, కులం లెక్క కాదు. ఒక గదిలో, ఒక ప్రశ్న మీద ఒకరిద్దరే పట్టుకుని నిలబడిన అభిప్రాయం. అలాంటి మాట ఆ రోజు ఓట్లు తెచ్చిందా లేదా అని చూసి, తేలేదు కాబట్టి వృథా అనుకుంటాం. ఆ కొలత తప్పు. ఈ మాటలు పనిచేసేది ఆలస్యంగా, చాలాసార్లు పక్కదారిన.

దీన్ని మొదట ప్రయోగంతో చూపించినవాడు ఫ్రాన్స్‌లో పనిచేసిన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త సెర్జ్ మోస్కోవిసి. 1969 నాటి ఆ ప్రయోగంలో ఆరుగురేసి మహిళలకు 36 నీలిరంగు స్లైడ్లు చూపించి రంగు చెప్పమన్నారు. అందరికీ ముందే రంగుల చూపు పరీక్ష చేశారు. ఆరుగురిలో ఇద్దరు పరిశోధకుల మనుషులు. ఆ ఇద్దరూ ప్రతి స్లైడుకూ ఆకుపచ్చ అన్నప్పుడు, మిగతా నలుగురి జవాబుల్లో 8.42 శాతం ఆకుపచ్చ వైపు వెళ్లాయి. అదే ఇద్దరు 24 సార్లు ఆకుపచ్చ, 12 సార్లు నీలం అంటూ ఊగిసలాడితే అది 1.25 శాతానికి పడిపోయింది. అంటే మాట మీద నిలకడ లేకపోతే ప్రభావం దాదాపు సున్నా. ఇంకో ఫలితం నాకు దీనికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నీలం ఎక్కడ ఆగుతుంది, ఆకుపచ్చ ఎక్కడ మొదలవుతుంది అని పరీక్షిస్తే, గుంపులో పైకి ఒక్కసారి కూడా ఆకుపచ్చ అనని వాళ్లలోనూ ఆ సరిహద్దు జరిగింది. నలుగురిలో ఒప్పుకోకపోయినా లోపల కదలిక మొదలైంది.

నిలకడ అంటే ఒకే మాటను గిలకలా తిప్పడం అనుకుంటే మాత్రం పొరపాటే. 1974లో షార్లన్ నెమెత్ బృందం ఇదే పద్ధతిని కాస్త మార్చి చూసింది. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఆకుపచ్చ అంటూ ఉంటే పెద్దగా ఫలితం రాలేదు. స్లైడు వెలుతురును బట్టి కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి ఆకుపచ్చ కలిసిన నీలం అని, ఒక లెక్క ప్రకారం చెప్పినప్పుడు ప్రభావం బాగా పెరిగింది. ఎదుటివాళ్లు వెతికేది మొండితనాన్ని కాదు. ఈ మనిషి నిజంగా చూసి చెబుతున్నాడా, దీనికో పద్ధతి ఉందా అని చూస్తారు.

గిడుగు రామమూర్తి వాడుక భాషా ఉద్యమం ఎందుకు నిలిచిందో ఇక్కడే అర్థమవుతుంది. ప్రజల భాష గొప్పదని ఆయన కేవలం ఉపన్యాసాలిచ్చి ఉంటే అదొక ఇష్టాయిష్టాల తగువుగా మిగిలేది. ఆయన గ్రాంథికవాదుల పుస్తకాలనే తెరిచాడు. గ్రాంథికానికి ప్రమాణమైన బాలవ్యాకరణం పేరు చెప్పి పిల్లల రాతలు దిద్దే పండితులు, అదే వ్యాకరణాన్ని తమ వచనంలో ఎక్కడెక్కడ తప్పారో వాక్యాలు ఎత్తి చూపాడు. పాత గ్రంథాల్లోంచి, వచన రచనల్లోంచి వాడుక రూపాలను ఏరి ముందు పెట్టాడు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడింది ఈ ఉదాహరణలతోనే. మనిషి శాసనాలు చదివినవాడు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవాడు, సవర భాషకు నిఘంటువు కట్టినవాడు. గ్రాంథికం రాయడం చేతకాక ఈ గొడవ పెట్టాడు అనడానికి ఎవరికీ వీలు చిక్కలేదు.

ఇది చిన్న విషయం కాదు. అసమ్మతి చెప్పే మనిషికి అందులో సొంత లాభం ఉందని గుంపుకు అనిపిస్తే వాదన ఎంత బలమైనదైనా సగం విలువ పోతుంది. ఆ అనుమానం అన్యాయమైనదైనా సరే, పనిచేస్తుంది. అందుకే బాధితుల మాటకు, బాధితులు కానివాళ్లు తోడు నిలిస్తే ఉద్యమాలు వేగం అందుకుంటాయి.

తోడు సంగతికొస్తే సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం చూడాలి. గదిలో అందరూ కళ్లముందున్న గీత పొడవు తప్పు చెబుతుంటే, ఒంటరి మనిషి జవాబుల్లో మూడోవంతుకు పైగా వాళ్ల తప్పుకే వంగాయి. పక్కన ఒక్కరు నిజం చెప్పగానే ఆ వంపు సుమారు 5 శాతానికి తగ్గింది. ఆ తోడు మధ్యలో మెజారిటీ వైపు దూకేస్తే తప్పులు మళ్లీ పెరిగాయి. ఒకరు, ఇద్దరు అనే తేడా ఇద్దరు, నలుగురు అనే తేడాకన్నా చాలా పెద్దది.

వ్యావహారికానికి, అంటే వాడుక భాషకు, దొరికిన తోడు మరీ విలువైనది. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం, కార్యదర్శి గిడుగు. దశాబ్దాలు గ్రాంథికంలో రాసిన పెద్దాయన తన చివరి నెలల్లో ఇటు వచ్చాడు. మొదటినుంచీ వేరుగా ఉన్నవాడి మాటకన్నా, అటునుంచి నడిచి వచ్చినవాడి రాక మిగతావాళ్లను ఎక్కువ ఆలోచనలో పడేస్తుంది.

దారి మాత్రం నేరుగా సాగలేదు. స్కూల్ ఫైనల్ వ్యాసం ఏ శైలిలోనైనా రాయొచ్చని 1910ల ఆరంభంలో ఇచ్చిన వెసులుబాటును పండితుల ఒత్తిడితో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వార్తలు, సంపాదకీయాలు మొత్తం వాడుక భాషలో నడిపిన తాపీ ధర్మారావు 'జనవాణి' వచ్చేసరికి 1930లు. విశ్వవిద్యాలయాలు పరీక్షల్లో, పరిశోధనల్లో తలుపు తెరిచేసరికి గిడుగు పోయి (1940) మూడు దశాబ్దాలు. ఈలోగా ఇంకో మార్పు జరిగింది: అందరూ రాయడం మొదలుపెట్టాక, ఇదొక పోరాటమని మరిచిపోయారు. గెలిచిన తక్కువమంది మాటకు తరచూ పట్టే గతి ఇదే. భావం ఇంట్లోకొస్తుంది, తెచ్చినవాళ్ల పేరు గడప బయటే ఉండిపోతుంది. ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరపడం ఆ మరుపుకు కొంత విరుగుడు.

ఈమధ్య 25 శాతం అనే అంకె బాగా చెలామణిలో ఉంది. 2018లో డామన్ సెంటోలా బృందం ఆన్‌లైన్‌లో చిన్న గుంపులతో ఒక ఆట ఆడించింది. ఫోటోలోని ముఖానికి అందరూ ఒకే పేరు పెట్టాలి. కుదిరిన పేరును మార్చాలని పట్టుబట్టేవాళ్లు నాలుగోవంతుకు చేరగానే మొత్తం గుంపు తిరిగింది. ఫలితం ఆసక్తికరమే, దాన్ని సూత్రంగా వాడటం ప్రమాదం. ఆ ఆటలో పేరు మార్చుకుంటే ఎవరికీ భూమి పోదు, పరువు పోదు, అధికారం పోదు. కట్నం మీదో కులాంతర వివాహం మీదో ఇదే అంకె వర్తిస్తుందని చెప్పడానికి ఆ ప్రయోగం ఆధారం కాదు. ఇంకో జాగ్రత్త: నిలకడగా చెప్పేవాళ్లంతా నిజం చెప్పేవాళ్లు కారు. టీకాల మీద అబద్ధాలు వ్యాపించేదీ ఇదే యంత్రాంగంతో. తేడా తెలిసేది ఆధారాలు అడిగినప్పుడే.

రాతలో ఉన్న అసమ్మతికి ఎంత ఆయుష్షు ఉంటుందో న్యాయస్థానాలు బాగా చూపిస్తాయి. 1962లో ఖరక్ సింగ్ కేసులో గోప్యత ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఆరుగురి ధర్మాసనంలో నలుగురు అన్నారు. రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు, జె.సి. షాతో కలిసి, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని వేరుగా రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ ఇద్దరి వైపు చేరారు. మధ్యలో 55 ఏళ్లు. కాగితం లేకపోతే చేరడానికి చోటే ఉండేది కాదు.

అపార్ట్‌మెంట్ సంఘంలోనో, పాఠశాల కమిటీలోనో, కంపెనీ బోర్డులోనో ఒప్పుకోలేని తీర్మానం వస్తే చేయాల్సిన పని సమావేశానికి ముందే మొదలవుతుంది. ఒక్కరినైనా కలిసి మీ వాదన వినిపించండి; వాళ్లు ఎత్తిచూపిన లోపాలు సరిచేసుకోండి. సమావేశంలో అసలు విషయం వదలకండి, అమలు తేదీ, ఖర్చు, పద్ధతి లాంటి వాటిలో సర్దుబాటుకు సిద్ధమని చెప్పండి. అన్నిటికీ అడ్డం తిరిగేవాడి అసలు మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఓడిపోతే, మినిట్స్ మీద సంతకాలు కాకముందే రెండు పేజీలకు మించని నోట్ ఇవ్వండి: ఏ తీర్మానం, ఎందుకు ఒప్పుకోవడం లేదు, ఆధారం ఏమిటి, ప్రత్యామ్నాయం ఏమిటి, ఏం జరిగితే మీ అంచనా తప్పని ఒప్పుకుంటారు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, నమ్మకం కుదిరేది దానివల్లే. కంపెనీ బోర్డులో అయితే వ్యతిరేకించిన డైరెక్టర్ల పేర్లు మినిట్స్‌లో ఉండాలని 2013 కంపెనీల చట్టం 118వ సెక్షనే చెబుతోంది. మిగతా చోట్ల నోట్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లకు ఒక మాట. వ్యతిరేకంగా వాదించమని ఎవరో ఒకరికి పాత్ర అప్పజెబితే సరిపోతుందన్న అలవాటు ఉంది. నెమెత్ 2001లో దీన్నీ పరీక్షించారు. నిజంగా ఒప్పుకోని మనిషి ఉన్న గుంపులో వచ్చినన్ని కొత్త ఆలోచనలు, అద్దె వ్యతిరేకి ఉన్న గుంపులో రాలేదు. కాబట్టి ఓటు పెట్టేముందు సీనియర్లను చివర మాట్లాడమనండి. కొత్తగా చేరినవాళ్లను మొదట అడగండి, అభిప్రాయాలను చీటీల మీద ముందే రాయించండి. ఆ చీటీల్లో ఒక్కటి వేరుగా ఉంటే, దాన్ని చదవకుండా ఓటింగుకు వెళ్లకండి.