ఆవిరి పట్టిన ముక్క

ఫ్రిజ్‌లు తయారుచేసే చోట ఒక మహత్తరమైన పరీక్ష నడుస్తుంటుంది. లోపలి గోడకి, అంటే లైనర్‌కి, వాడే ప్లాస్టిక్ షీట్ నట్టనడుమ నుంచి నున్నటి ముక్క ఒకటి కోస్తారు. వంపు లేదు, లాగుడు లేదు, పుట్టి బుద్ధెరిగాక ఏ కష్టమూ ఎరగని ముక్క. ఫ్రిజ్ గోడల మధ్య వేడిని ఆపడానికి నింపే నురగ, అంటే ఫోమ్, దాన్ని పొంగించే రసాయనం, అంటే బ్లోయింగ్ ఏజెంట్, ఉన్న సీసాలో ఆ ముక్కని వేలాడదీసి, జలుబు చేసిన పిల్లాడికి పట్టినట్టు కాసేపు ఆవిరి పడతారు. తీసి, తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ‘ప్లాస్టిక్‌కి హాని లేదు’ అని సంతకం గీకుతారు. ఇక ఆ కాగితాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ నడుస్తుంది.

ఇంతటి శాస్త్రీయ పద్ధతిని తప్పుపట్టేంతవాణ్ని కాను. సందేహం ఒక్కటే. ఆ ముక్కతో ఫ్రిజ్ ఎవరైనా చేశారా?

అసలు ఫ్రిజ్‌లో జరిగేది వేరు. షీట్‌ని వేడిచేసి వాక్యూమ్‌తో అచ్చులోకి లాగుతారు. మూలల దగ్గర అది సాగి సాగి పల్చబడుతుంది. ఆ బిగువు చల్లారాక కూడా లోపలే ఉండిపోతుంది. దానికీ బయటి రేకుకీ మధ్య పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలూ ఏజెంటూ కలిపి పోస్తే, బ్లోయింగ్ ఏజెంట్ ఆవిరై, ఫోమ్ పొంగి, గట్టిపడి, లైనర్‌ని ఉడుంపట్టు పడుతుంది. ఫోమ్‌లోని చిన్న చిన్న బుడగ గదుల్లో ఆ ఆవిరి ఏళ్ల తరబడి ఉంటుంది. ఉండాలి కూడా, వేడిని ఆపడంలో సగం పని దానిదే. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకి దిగితే, లైనర్‌ని ఆనుకున్న గదుల్లో ఆవిరి కొంత మళ్లీ ద్రవమై కూర్చుంటుంది. పల్చటి మూల, లోపల బిగువు, చలికి ముడుచుకునే లాగుడు, వీటికి తోడు వెనకనుంచి ప్లాస్టిక్‌ని మెత్తబరిచే ఆ ద్రవం, సాల్వెంట్. మన ఆవిరి పట్టిన ముక్క ఇందులో దేన్నీ ఎరగదు పాపం.

ఇదేమీ కొత్తగా నెత్తిన పడ్డ ఉపద్రవం కాదు. ఒకప్పుడు ఫోమ్ పొంగించిన సీఎఫ్‌సీ-11 లాంటివి ఓజోన్ పొరని తినేస్తున్నాయని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక, దాని బదులు హెచ్‌సీఎఫ్‌సీ-141బీ రంగంలోకి దిగింది. ఓజోన్‌కి చేటు దాదాపు పదో వంతుకి తగ్గింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఈ 141బీ గారి రెండో ఉద్యోగం ఏమిటో తెలుసా? సర్క్యూట్ బోర్డుల మీది జిడ్డు కరిగించడం. అలాంటి మహానుభావుణ్ని తెచ్చి పాలీస్టైరిన్ గోడ పక్కన కాపురం పెట్టించి, గోడ మెత్తబడిందేమిటి, పొక్కులొచ్చాయేమిటి, పగిలిందేమిటి అని ముక్కున వేలేసుకున్నారు! లైనర్లకి వాడే ప్లాస్టిక్‌లు హైఇంపాక్ట్ పాలీస్టైరిన్, ఏబీఎస్, రెండూ దాని చేతిలో దెబ్బతిన్నవే. అప్పుడు మొదలయ్యాయి పరుగులు, షీట్ చేసే ప్లాస్టిక్ రకం మార్చడం, షీట్‌లో అడ్డుపొర వేయడం. మరో ఏజెంట్, 49 డిగ్రీల దగ్గర మరిగే సైక్లోపెంటేన్‌కి మంట భయం ఉంది. ప్లాస్టిక్ విషయంలో 141బీ కంటే మర్యాదస్తురాలే గానీ, పాలీస్టైరిన్‌ని ఉబ్బించే గుణం దానికీ ఉంది. హెచ్‌ఎఫ్‌సీ-245ఎఫ్‌ఏ, ఇప్పటి హెచ్‌ఎఫ్‌ఓలు అనే ఏజెంట్లు... ఒక్కోదానిది ఒక్కో తీరు. ఓజోన్ లెక్కలో నెగ్గినంత మాత్రాన లైనర్ లెక్కలో నెగ్గినట్టు కాదు.

గోడ పగిలాక జరిగే మీటింగంటే నాకు ప్రాణం. ఫోమ్ ఆయన అంటాడు, ‘మా ఏజెంట్ పరీక్షలో పాసైందండీ’. షీట్ ఆయన అంటాడు, ‘మా షీటూ పాసైందండీ’. ఇద్దరూ చూపించేది ఒకే ముక్క! మూల గుండ్రంగా పెడితే అందం చెడుతుందని డిజైన్ ఆయన. అడ్డుపొర షీట్ ఖరీదెక్కువని ఎప్పుడో మాన్పించేశామని కొనుగోళ్ల ఆయన, అదేదో ఘనకార్యంలా. చివరికి సాక్షాత్తూ ఆ ముక్కనే తెప్పిస్తారు. కవర్లోంచి బయటికి తీస్తే అందరూ భక్తిగా చూస్తారు. కుర్ర ఇంజినీరొకడు ఊరుకోక, చేత్తో కాస్త వంచబోతాడు. ‘అయ్యయ్యో, వంచకు బాబూ, విరిగిపోతుంది!’ అని పరీక్ష చేసినాయన గబుక్కున లాక్కుంటాడు.

ఆ తర్వాత దోషి దొరుకుతాడు. కొన్నవాడు. వేడి గిన్నె పెట్టాడట, కత్తితో మంచు గీరాడట, తలుపు విసురుగా వేశాడట. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం, వీళ్లు చూడవచ్చినవాణ్ని ఓడంటున్నారు. సిగ్గుండాలి. పగులు కత్తి తగిలే వైపు మొదలైందో, ఫోమ్ వైపు మొదలైందో కోసి చూస్తే తెలుస్తుంది. కోసి చూడరు, తెలుస్తుంది కనక. లైనర్‌ని ఫోమ్ నుంచి ఊడదీసి కొత్తది వేయడానికి లేదు, పగిలిందంటే పెట్టె మొత్తం తుక్కు. ఈలోగా సందులోంచి తేమ ఫోమ్‌లోకి దిగుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, ఆ కరెంటు బిల్లు కట్టేది మీటింగులో కూర్చున్న ఏ ఒక్కడూ కాదు. ఇదంతా తెలిసీ, ‘వాడకంలో లోపం, వారంటీ వర్తించదు’ అని రాసే చెయ్యి ఎలాంటిదో నాకు అర్థం కాదు.

చేయాల్సిన పరీక్ష బ్రహ్మవిద్యేం కాదు. షీట్ ముక్కని వంపు చట్రం మీద వంచి బిగించి ఏజెంట్ తగిలించాలి. అచ్చులోంచి వచ్చిన అసలు మూలని కోసి, దానికీ తగిలించాలి. ఫోమ్ పోసిన నిండు పెట్టెని వేడికీ చలికీ మార్చి మార్చి తిప్పాలి. టైము పడుతుంది, అంతే.

మీటింగు తీర్మానం ఇంతకీ చెప్పనేలేదు. కొత్త ఏజెంట్‌కి మారుతున్నారు. షీట్ పాతదే, గోదాములో బోలెడుందట. పరీక్ష మళ్లీ దేనికి, పాత కాగితం మీద ఏజెంట్ పేరు మారిస్తే సరిపోతుందట.