డబ్బా తిరిగి ఇచ్చేసే ముందు

మా ఇంటి బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషిన్ పక్కన, ఒక పాత డీవీడీ రికార్డర్ ఉంది. దాని వెనుక పసుపు, ఎరుపు, తెలుపు రంగుల తీగలు మూడు వేలాడుతుంటాయి. టీవీలో రికార్డు చేసుకున్నదాన్ని డిస్కులోకి ఎక్కించుకోవాలంటే ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యుల్లో చాలామంది ఆ తీగల దగ్గరికే వస్తారు. చాకిరీ ఉచితం, టీ కూడా ఉచితమే. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్న చనువుతో ఒక మాట అంటాను, కోపగించుకోకండి. మనం దాచుకోవలసినవి వదిలేసి, దాచనక్కరలేనివి మోసుకు తిరుగుతున్నాం.

ఈమధ్య ఒకాయన తన డీవీఆర్‌ను, అంటే టీవీ కార్యక్రమాలు రికార్డు చేసి దాచే డబ్బాను, దుప్పటిలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చారు. అందులో ఒకే సీరియల్ మూడు వందల భాగాలున్నాయి. అన్నీ ఎక్కించమన్నారు. ఒక్కో భాగం అరగంట అనుకుంటే 150 గంటలు. ఈ తీగల్లో బొమ్మ పరుగెత్తదు, నడుస్తుంది. గంట కార్యక్రమం ఎక్కడానికి గంటా పడుతుంది. 4.7 గిగాబైట్ల మామూలు డిస్కులో చూడదగిన నాణ్యతతో రెండు గంటల కార్యక్రమం ఇముడుతుంది కాబట్టి 75 డిస్కులు కావాలి. ఆరు గంటల మోడ్‌లో కుక్కితే 25తో సరిపోతుంది గాని, అప్పుడు అత్తగారి ముఖమూ కోడలి ముఖమూ అలికినట్టు ఒకటైపోతాయి. దానివల్ల కథకు నష్టమో లాభమో నేను చెప్పలేను.

“డబ్బాలోని హార్డ్ డిస్కు ఊడదీసి కంప్యూటర్‌కు తగిలిస్తే సరిపోదా?” అని కుర్రవాళ్లు అడుగుతారు. సరిపోదు. కేబుల్, శాటిలైట్ కంపెనీల డబ్బాల్లో రికార్డింగులు సాధారణంగా తాళం వేసి ఉంటాయి, ఆ తాళంచెవి ఆ డబ్బాకే తెలుసు. పైగా ఆ డబ్బా చాలావరకు మనది కాదు, నెలనెలా అద్దె కడుతున్నాం. చందా మానేసిన రోజున తిరిగి ఇచ్చేయాలి. మనమేమో దాన్ని అమ్మమ్మ ఇచ్చిన భోషాణంలా చూస్తున్నాం. మా ఇంట్లోనే జరిగింది. ఒకరోజు టీవీ తెర నల్లబడితే కంపెనీ మనిషి వచ్చి, పది నిమిషాల్లో కొత్త డబ్బా పెట్టి, పాతది చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఊళ్లోవాళ్లందరి డిస్కులూ చేసిపెట్టే నేను, మా అమ్మాయి కూచిపూడి నాట్యం తెలుగు చానెల్‌లో వచ్చిన నాలుగు నిమిషాలను మాత్రం రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ అందులోనే ఉంచేశాను. మా ఆవిడ ఈ సంగతి ఇప్పటికీ వారానికొకసారి గుర్తు చేస్తుంది.

ఇలా కాపీ చేసుకోవడం నేరం కాదా అని భయపడేవారూ ఉన్నారు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు, సోనీవారి బీటామ్యాక్స్ అనే వీడియో రికార్డర్ మీద నడిచిన కేసులో, టీవీ కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని తీరిక వేళ చూసుకోవడం తప్పు కాదని అయిదుగురికి నలుగురుగా తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి బీరువాలో దాచుకోవడం గురించి ఆ తీర్పు అంత సూటిగా చెప్పలేదు. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టమేమో తాళం పగలగొట్టడాన్నే తప్పుపడుతుంది. అందుకే నేను తాళాల జోలికి పోను. టీవీకి వెళ్లే బొమ్మనే మూడు తీగల మీదుగా రికార్డర్‌కు పంపిస్తాను. కాపీ వద్దనే సంకేతం కార్యక్రమంలోనే ఉంటే రికార్డర్ మొండికేస్తుంది, నేనూ దండం పెట్టి ఊరుకుంటాను. ఆ డిస్కులను కిరాణా కొట్టులో అమ్మకానికి పెట్టడం, హాలులో టిక్కెట్టు పెట్టి వేయడం వంటివి నా దగ్గర కుదరవు. ఒకరిద్దరు అడిగారు కూడా.

సరే, ఏది దాచాలి? నా కొలబద్ద ఒక్కటే: మనం దాచకపోతే ఇంకెవరూ దాచనిది. ‘పాడుతా తీయగా’ మీరు దాచనక్కరలేదు, పాత భాగాలెన్నో యూట్యూబ్‌లోనే ఉన్నాయి. సినిమాలూ అంతే. కాని మన ఊరి గుడి కుంభాభిషేకం మీద స్థానిక చానెల్‌వాళ్లు చూపించిన రెండు నిమిషాలు, మన పిల్లవాడు క్విజ్‌లో తడబడిన దృశ్యం ఎవరి దగ్గర ఉంటాయి? చానెల్‌వాళ్ల దగ్గర ఉంటాయిలే అనుకోకండి. బీబీసీ అంతటి సంస్థే 1960ల నాటి కార్యక్రమాల టేపులెన్నిటినో చెరిపేసింది. వాళ్ల ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో పోయిన భాగాలకు మాటలైనా మిగిలాయంటే, అప్పట్లో టీవీ ముందు టేపు రికార్డర్ పెట్టుకుని కూర్చున్న అభిమానుల పుణ్యమే. ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆమె 1970ల చివరి నుంచి 2012లో కన్నుమూసేదాకా టీవీ వార్తలను రాత్రింబవళ్లు రికార్డు చేసి, సుమారు 70,000 టేపులు మిగిల్చింది. నలుగురూ పిచ్చి అనుకున్న ఆ టేపులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతిలో ఉన్నాయి. మనకు అంత ఓపిక అక్కరలేదు. ఒక్కో ఇంటికి ఒక్క డిస్కు చాలు.

ఇంకొకటి, ప్రకటనలు కత్తిరించమని అడగకండి. హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మినవారి గొంతు, పండగకు చీరల తగ్గింపు, ఫోను కార్డుల రేట్లు అన్నీ అలాగే ఉండనివ్వండి. ఇరవై ఏళ్ల తరువాత పిల్లలు ముందు నవ్వుకునేది వాటిని చూసే.

మూడు వందల భాగాల పెద్దమనిషి వచ్చిన వారమే మన పిన్నిగారొకరు ఫోను చేశారు. వారి డబ్బా వైరు తీస్తే పలకదు కాబట్టి నా రికార్డర్‌నే వాళ్లింటికి మోసుకెళ్లాను. ఆమెకు కావలసింది నలభై సెకన్లు. కాలం చేసిన బాబాయిగారు ఒకప్పుడు డాక్టరుగారితో మాట్లాడే కార్యక్రమానికి ఇక్కడి నుంచి ఫోను చేశారు. తెర మీద ఆయన బొమ్మ కూడా లేదు. డాక్టరుగారు, ఒక మూల ఫోను గుర్తు, దాని కింద మన ఊరి పేరు, అదీ తప్పుగా. బాబాయిగారు మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతున్నారు. రికార్డర్ మీద ఎర్ర దీపం వెలుగుతుంటే పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకుని విన్నారు. “రోజూ రెండు మైళ్లు నడుస్తానండీ” అన్న మాట రాగానే నా వైపు తిరిగి, “చూడు నాయనా, డాక్టరుతో కూడా అబద్ధమే! వీధి చివరిదాకా ఏనాడు వెళ్లారు?” అన్నారు. మూడు కాపీలు చేశాను, ముగ్గురు పిల్లలకు.

డిస్కు చేసి మురిసిపోతే చాలదు. ఇంట్లో చేసిన డిస్కులో బొమ్మ నిలిచేది పలుచటి రంగు పొర మీద. ఎండా వేడీ దానికి శత్రువులు. స్టిక్కర్ అంటించకండి, కారులో వదిలేయకండి, నిలువుగా పెట్టండి. రికార్డింగ్ అయ్యాక ఫైనలైజ్ చేయడం, అంటే వేరే ప్లేయర్లలోనూ ఆడేలా డిస్కును ముగించడం, మరవకండి. మొదట్లో అది చేయకుండా గుంటూరుకు ఒక డిస్కు పంపాను. మా మామగారు తన ప్లేయరే చెడిపోయిందనుకుని డబ్బు పోసి బాగుచేయించుకున్నారు. డిస్కుతో పాటు కంప్యూటర్‌లో ఒక కాపీ, విడి హార్డ్ డిస్కులో మరొకటి ఉంచండి. రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కొత్త డబ్బాలకు చాలావాటికి పసుపు తీగ దూర్చే రంధ్రమే లేదు. డబ్బా లేకుండా కంపెనీ సర్వర్లలోనే దాచే సేవలు వచ్చాయి, కొన్నింటిలో 9 నెలలు నిండితే దాచినది దానంతటదే చెరిగిపోతుంది.

అందుకే సంఘం కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఉగాది మిగులు సొమ్ములో కొంత తీసి, పనిచేసే పాత రికార్డర్లు రెండు కొనండి. కమ్యూనిటీ హాలులో నెలకొక శనివారం ఒక మూల ఇవ్వండి. నేను తీగలు తెస్తాను, ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పుతాను. సభ్యులు ముందు ఏది కావాలో కాగితం మీద రాసుకుని రావాలి, డబ్బా తరువాత. మూడు వందల భాగాలతో వచ్చేవారు మాత్రం టీ ఇంటి నుంచే తెచ్చుకోవాలి.