సైన్స్ బడ్జెట్‌కు కాపలా కాసే మనిషి

వాషింగ్టన్‌లో గవర్నమెంట్ రిలేషన్స్ కన్సల్టెంట్ అనగానే మనకు పైరవీకారుడే గుర్తొస్తాడు. యూనివర్సిటీలు, జాతీయ ప్రయోగశాలల తరఫున ఇంధన శాఖ బడ్జెట్ వెంట ఇరవై, ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషిని కూడా అదే గాటన కట్టడం అన్యాయం. అమెరికా సైన్స్ నిలబడటంలో ఆయనకూ వాటా ఉంది.

అక్కడ చట్టం చేసినంత మాత్రాన డబ్బు రాదు. 2022 నాటి చిప్స్ అండ్ సైన్స్ చట్టం 2024 ఆర్థిక సంవత్సరంలో, పరిశోధనలకు గ్రాంట్లిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు సుమారు 1,560 కోట్ల డాలర్లు ఇవ్వొచ్చంది. చేతికొచ్చింది 906 కోట్లు. మొదటిది మాట, రెండోది మూట. ఏటా ద్రవ్య వినిమయ బిల్లులు పాసైతేనే మూట విప్పుతారు.

అసలు పోరాటం ఆ బిల్లుల దగ్గరే. ఇంధన శాఖ సైన్స్ విభాగం డబ్బు ‘ఎనర్జీ అండ్ వాటర్’ బిల్లులో ఉంటుంది. అణ్వాయుధాల నిర్వహణ, ఆర్మీ ఇంజనీర్ల డ్యాములు, పూడిక తీయాల్సిన రేవులు కూడా అందులోనే. ఈ బిల్లు తయారుచేసే ఉపసంఘానికి ఇంతేనని ముందే పరిమితి పెడతారు కాబట్టి ఒకరి వాటా పెరగాలంటే ఇంకొకరిది తగ్గాల్సిందే. రేవు బాగుపడితే కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడికి ఓట్లొస్తాయి. ఇరవై ఏళ్లకు ఫలితమిచ్చే ఫ్యూజన్ ప్రయోగాన్ని చూసి ఓటేసేదెవరు? ఆ సభ్యుడి ఆఫీసులో కూర్చుని, ఈ ప్రయోగానికి కావాల్సిన భాగాలు మీ నియోజకవర్గంలోనే తయారవుతాయని లెక్కలతో చూపించేది కన్సల్టెంట్. కమిటీ నివేదికలో ఒక్క వాక్యం ఎక్కించడానికి నెలలు పడుతుంది. ఏ వాక్యం, ఏ వారంలో, ఎవరి చేతికివ్వాలో పుస్తకాల్లో దొరకదు. కమిటీ సిబ్బందిగానో, ఇంధన శాఖలోనో ఏళ్ల తరబడి పనిచేస్తేనే అబ్బుతుంది.

మద్దతు కూడగట్టకపోతే ఏమవుతుందో టెక్సాస్‌లో చూశాం. అణువుల కంటే చిన్న కణాలను ఢీకొట్టించి పరిశోధించే భారీ యంత్రం సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ కోసం ఎన్నో రాష్ట్రాలు పోటీపడ్డాయి. 1988లో టెక్సాస్ ఖరారవగానే మిగతా రాష్ట్రాల సభ్యులకు ఆసక్తి పోయింది. అంచనా ఖర్చేమో ఏటికేడు పెరిగింది. 1993లో కాంగ్రెస్ దాన్ని ఆపేసే నాటికి దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, వాక్సహాచీ దగ్గర 23 కిలోమీటర్ల సొరంగం తవ్వేశారు. ఆ సైన్స్‌కు వంక పెట్టినవాళ్లు తక్కువే. దాని పక్షాన ఓటేసేవాళ్లే కరువయ్యారు.

ఆర్పా-ఈ కథ వేరు. 2007లో చట్టంతో పుట్టిన ఈ ఇంధన పరిశోధన సంస్థకు 2009లో ఉద్దీపన ప్యాకేజీ 40 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని మూసేద్దామంది. రిపబ్లికన్ల చేతిలోనే ఉన్న కాంగ్రెస్ ఒప్పుకోలేదు సరికదా, 2018కి నిధులు పెంచి 35.3 కోట్లు ఇచ్చింది. ఇలాంటి మద్దతు ఒక్క రాత్రిలో పుట్టదు.

సర్కారు కొలువులో నేర్చిన విద్యను బయట అమ్ముకుంటున్నారన్నది విమర్శ. ఫీజులు కట్టగల పెద్ద యూనివర్సిటీలకే మేలు జరుగుతుందన్నదీ నిజమే. అయినా 2026కి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌ను సగానికి పైగా కోయాలని వైట్‌హౌస్ అడిగినప్పుడు, పీహెచ్‌డీకి వెళ్లిన మన పిల్లలకూ టెన్షన్ పట్టుకుంది. చాలామందికి స్టైపెండ్ వచ్చేది ఇలాంటి గ్రాంట్ల నుంచే. వాళ్ల తరఫున కాంగ్రెస్ మెట్లెక్కేవాళ్లు ఉండాలా, వద్దా?

తప్పు పట్టాల్సింది కన్సల్టెంట్‌ను కాదు, కాంగ్రెస్‌ను. సాంకేతిక విషయాల్లో సలహా కోసం 1972లో అది ‘ఆఫీస్ ఆఫ్ టెక్నాలజీ అసెస్‌మెంట్’ పెట్టుకుంది. ఏ కంపెనీకీ, ఏ యూనివర్సిటీకీ చెందని నిపుణులు అందులో సుమారు 750 నివేదికలు తయారుచేశారు. ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చు దండగని 1995లో మూసేశారు. సొంత నిపుణులను వదులుకున్న సభ బయటివాళ్ల చెప్పుడు మాటల మీద ఆధారపడక ఏం చేస్తుంది? ఫీజు కట్టలేని చిన్న కాలేజీ గోడు ఆ సభలో వినపడాలంటే ఆ ఆఫీసు మళ్లీ తెరవాలి. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పాత చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, నిధులు మాత్రమే ఆపేశారు.