రూట్ గారికి కొత్త షెల్

మా ఆఫీసులో అందరి ఫైళ్లూ ఉండేది ఒక పాత ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌లో. ఫ్రీబీఎస్‌డీ అంటే లినక్స్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని పెట్టింది మా సీనియర్ గారు. ఆయన తప్ప దాని జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు, అదీ ఎవరి జోలికీ వచ్చేది కాదు. ఇలా ఉండగా అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసి వచ్చిన ఓ కుర్రాడు మా టీమ్‌లో చేరాడు.

రూట్‌గా, అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న అకౌంట్‌తో లాగిన్ అయ్యి, అలవాటు కొద్దీ ‘ఎక్స్‌పోర్ట్’ అని కొట్టాడు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంది. 2>&1 అని పెడితే ‘యాంబిగ్యువస్ అవుట్‌పుట్ రీడైరెక్ట్’ అంది. వాడికి ఒళ్లు మండింది. పాపం, మండక ఏం చేస్తుంది? మనం కొట్టిన కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు. వాడు కొట్టినవి లినక్స్‌లో అలవాటైన బ్యాష్ అనే షెల్ భాష. ఇందులో రూట్ షెల్ సీ షెల్, దానికి ఆ భాష రాదు. 1970ల్లో బెర్క్‌లీలో బిల్ జాయ్ రాసింది. ఫ్రీబీఎస్‌డీ ఆ వంశందే కాబట్టి ఆస్తితో పాటు అదీ సంక్రమించింది. 2023లో వచ్చిన 14వ వెర్షన్‌లో గానీ రూట్‌కి ఎస్‌హెచ్ అనే మామూలు షెల్ ఇవ్వలేదు. మాది అంతకు ముందుది.

కుర్రాడు బ్యాష్ ఇన్‌స్టాల్ చేసి, రూట్‌కి అదే షెల్ చేసేశాడు. తన అకౌంట్‌కీ చేసుకున్నాడు. అంతటితో ఆగాడా? పెద్దాయన సుఖపడతారు కదా అని సీనియర్ గారి అకౌంట్‌కి కూడా చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడో కిటుకుంది. లినక్స్‌లో సాధారణంగా బ్యాష్ సిస్టమ్‌తో పాటే వస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో మాత్రం అది బయటి ప్యాకేజీ. యూఎస్‌ఆర్ లోకల్ అనే ఫోల్డర్ కింద ఉంటుంది, తనకు తోడుండే లైబ్రరీ ఫైళ్లు లేకపోతే లేవదు. ఓ రోజు కుర్రాడు ప్యాకేజీలన్నీ అప్‌గ్రేడ్ పెట్టాడు. సగంలో వైఫై పోయింది, సెషన్ తెగింది. పాత లైబ్రరీ పోయింది, కొత్తది రాలేదు.

మర్నాడు పొద్దున లాగిన్ అవుతుంటే పాస్‌వర్డ్ తీసుకుంటోంది, ‘వెల్‌కమ్ టు ఫ్రీబీఎస్‌డీ!’ అంటోంది, ఫలానా లైబ్రరీ లేదంటోంది, బయటికి తోసేస్తోంది. అంత మర్యాదగా గెంటడం నేనెక్కడా చూడలేదు. సీనియర్ గారు నవ్వుతూ, “నువ్వు జరుగు బాబూ” అని తన అకౌంట్‌తో ప్రయత్నించారు. ఆయనకూ వెల్‌కమే. నవ్వు ఆగిపోయింది.

“నా షెల్ ఎవరు మార్చారు?”

“మీకు సౌకర్యంగా ఉంటుందని, సార్...”

ఇలాంటి రోజు కోసమే ఫ్రీబీఎస్‌డీలో ‘టూర్’ అని రెండో రూట్ అకౌంట్ పెట్టి ఉంచుతారు. నచ్చిన షెల్ ఏదో దానికి పెట్టుకుని, అసలు రూట్‌ని కదపకుండా వదిలేయమని. అయితే దానికి మనం పాస్‌వర్డ్ పెడితేనే అది తెరుచుకుంటుంది. సీనియర్ గారు ఎప్పుడూ పెట్టలేదు. స్పేర్ తాళంచెవి బీరువాలో భద్రంగా దాచి, ఇంటికి తాళం వేసుకున్నట్టయింది.

ఇక మిగిలింది సింగిల్ యూజర్ మోడ్, అంటే మరమ్మతు కోసం సర్వర్‌ని మామూలు లాగిన్ లేకుండా నేరుగా తెరిచే పద్ధతి. మానిటరూ కీబోర్డూ మోసుకెళ్లి తగిలించి, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టాం. బూట్ మెనూలో 2 నొక్కాం. ‘ఏ షెల్ కావాలో పూర్తి పాత్ ఇవ్వండి, లేదా ఎస్‌హెచ్ కోసం రిటర్న్ నొక్కండి’ అని అడిగింది. చల్లగా ఎంటర్ కొడితే పోయేదానికి, కుర్రాడి వేళ్లు వాటంతటవే యూఎస్‌ఆర్, లోకల్, బిన్ అని టైప్ చేసుకుంటూ పోయాయి. బ్యాష్‌లో ‘బ్యా’ దగ్గర సీనియర్ గారు వాడి చెయ్యి పట్టుకున్నారు.

“నీకు దణ్ణం పెడతాను. ఆ చెయ్యి జేబులో పెట్టుకో.”

మిగతా పనంతా ఆయనే చేశారు. షెల్ మార్చబోతే డిస్క్ రీడ్ ఓన్లీ అంది. మౌంట్ కమాండ్‌తో రాయడానికి వీలు చేసి, రూట్‌కి ఎస్‌హెచ్ ఇచ్చారు. సీ షెల్ అంటే ప్రాణమిచ్చే మనిషి, అది మాత్రం ఇవ్వలేదు. “రూట్ ఏమన్నా కాపురం ఉండే చోటా? పని చూసుకుని వచ్చెయ్యాలి. బ్యాష్ కావాలంటే లోపలికెళ్లాక బ్యాష్ అని కొట్టుకో, ఎవడొద్దన్నాడు?” అన్నారు. నాకూ సబబే అనిపించింది.

ఈ లోపల అకౌంట్స్ మేడం పరుగున వచ్చింది. ఆ రోజు 20వ తారీఖు, జీఎస్టీ రిటర్న్‌కి ఆఖరు రోజు. లాగిన్ పోయినా ఫైల్ షేరింగ్ పోలేదు కాబట్టి, పొద్దున్నుంచీ మా టెన్షన్ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. సర్వర్ ఆగింది మేం బాగుచేయడం మొదలుపెట్టాకే.

“ఇప్పటిదాకా బాగానే పనిచేసింది కదండీ! మీరంతా వచ్చి దాని చుట్టూ చేరాకే పోయింది. బాగున్నదాన్ని మార్చమని ఎవరు చెప్పారండీ మీకు?” అని సీనియర్ గారిని నిలదీసింది.

ఆ ప్రశ్న కుర్రాణ్ణి అడుగుదామని ఆయన పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నారు.